చప్పుడు చేయొద్దన్నరు

సికింద్రాబాద్ నుంచి నలుగురు వచ్చిండ్రు,
మూడు పెట్టెలు చంకల, ఒకటి మనిషంత ఎత్తు.
బస్సుల దానిక్కూడ టికెట్టు కొట్టిండట కండక్టరు,
షెరిల్ అనే పిల్ల నవ్వుకుంట చెప్పింది.

చండూరు తొవ్వల మా రాతి చర్చి
వాళ్లకు నచ్చింది. గోడలకు మాట అంటుకుంటదట,
జరసేపు ఆగి దిగుతదట.
ముప్పై ఏండ్లు అక్కడ మోకరించిన,
నాకెన్నడు తెల్వలే.

వైశాఖం. ఫ్యాన్లు బంద్ చేయించిండు
రికార్డింగ్ పిలగాడు వినీల్.
కిటికీలకు మా ఇంటి బొంతలు కట్టినం.
తీగలు ఉక్కకు వదులైతున్నయి,
మెలి తిప్పుతరు, మళ్ల వదులైతయి.
కమానుకు రాసే బిళ్ల మెత్తబడి
చర్చంత గుగ్గిలం వాసన.

వాళ్లు వాయించేది ఎవరో చలిదేశపాయన
ఒకామెకు చెప్పలేక రాసుకున్న రాగం,
రెండు వందల ఏండ్ల కిందటి మంచు.
అది ఆగిన కాడల్ల నేను చదవాలె,
నేను రాసిన ఏడు కవితలు.

పరిశుద్ధ గ్రంథంల కొన్ని పేజీలున్నయి,
పాస్టరుగారు ఎన్నడు వాటి మీద వాక్యం చెప్పలే.
ఒక ఆడామె, ఒక మొగాయన
ఒకరినొకరు కండ్లతోని కొలుచుకునే పేజీలు.
పెండ్లయిన కొత్తల దీపం తగ్గించి చదివేదాన్ని.
ఆ తొవ్వ పట్టుకొనే నావి రాసుకున్న.
ద్రాక్షతోట ఎన్నడు చూడలే గనుక
బత్తాయి తోట పెట్టిన,
లెబానోను కొండకు బదులు
మా గుట్ట, దాని మీది సీతాఫలం చెట్లు.

పండ్ల వరుస కాడికొచ్చి ఆగిన.
ఆ పాత ప్రేమల ప్రియురాలి పండ్లు తెల్లగ ఉంటయి.
నా ఏసోబువి
మా బోరు నీళ్లు రాసిన పండ్లు,
ఇటుకరంగు గీతలు,
కిష్ణ నీళ్లు నల్లాలకు రాకముందు పెరిగిన నోరు.
పెండ్లి ఫొటోల పెదవులు మూసుకొని నిలబడ్డడు.
నేను రాసిన:
నువ్వు నవ్వితే మా ఊరి బావి లోతు కనబడ్తది,
నేను దూపతోని వంగి చూస్త.

షెరిల్‌కు తెలుగు సగమే వచ్చు.
ఆ మాట కాడ కమాను ఎత్తి పట్టుకొని
"ఇది ఎవరి గురించి ఆంటీ" అన్నది.
బయట ఉన్నడు, అన్న.

బయట ఉన్నడు.
రోడ్డు మీద, నెత్తికి తువాల,
వంగని మోకాళ్ల మీద నిటారుగ,
చెయ్యి ఎత్తి.
వినీల్ అప్పజెప్పిన పని అది,
చప్పుడు రానియ్యొద్దు.
నల్లగొండ డిపో బస్సు హారన్ కొట్టకుండ ఆపిండట,
బోరు లారీని బతిమాలిండట,
ఐసు బండి పిలగానికి పది రూపాలిచ్చి
గంట మూయించిండట.
కురుమ బీరయ్య గొర్ల మందనైతే ఏం చెయ్యాలె?
నూట యాభై మెడలు, ఎన్నని మూస్తడు?
"లోపల మీ ఆడామె ఏం చదువుతున్నదిరా?"
"ఏమో, చప్పుడు చేయొద్దన్నరు."

అట్ల, ఏడింటిల ఒక్కటి కూడ వినలే
ఎవరి కోసం రాసిన్నో ఆయన.

రెండు నెలలకు పంపిండ్రు, ఫోన్ల విన్నం.
వాన. కరెంటు లేదు.
నా గొంతు నాది కానట్టున్నది,
బాగ చదువుకున్న ఎవరో పక్కింటామె లెక్క.
ఆయన తల వంచి వింటున్నడు.
పండ్ల మాట వచ్చింది, పోయింది,
ఏమనలే.
నాలికతోని లోపల్లోపల తడుముకున్నడు, నేను చూసిన.
తర్వాత అడిగిండు:
"బీరయ్య గొర్లేవి?"

తీసేసిండ్రు, అన్న.
బస్సు, పిట్టలు, నా దగ్గు, అన్ని తీసేసిండ్రు.

గని ఐదో కవిత అయినంక
చెల్లో అడుగు తీగ సన్నబడి, సన్నబడి,
ఇంక లేదనుకునే కాడ
గోడ అవతల నుంచి ఒక మాట:
"ఆగుండ్రి జర."
తీగ శబ్దానికి పెనవేసుకున్నదట,
విడదీస్తే రాగం తెగుతదని వినీల్ ఉంచిండట.

అది నాది కాదంటడు ఏసోబు.
బస్సు డ్రైవర్‌ది కావచ్చంటడు.
మళ్ల పెట్టు, అంటడు.